ఇష్టపూర్వకమని ఎవరు చెప్పాలి

జనవరి 9, గురువారం

నా తెలుగు పేదది. ఆ సంగతి మొదటే ఒప్పుకొంటున్నాను. పగలు కాలువ గట్ల మీద నీటిమట్టం అంకెలు రాసుకుంటూ, సాయంత్రం ఆరు దాటాక ఏలూరు రాత్రి కళాశాలలో బెంచీ మీద కునికిపాట్లు పడుతూ సంపాదించిన బి.ఏ. నాది. ఆ తరువాత ఇరిగేషన్ శాఖలో ఇన్నేళ్ళూ నేను రాసినవన్నీ నివేదికలే. అందువల్ల నా వాక్యం పెరట్లోకి వెళ్ళినా బూట్లు వేసుకునే వెళుతుంది. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. అయినా క్షమాపణ చెప్పుకోవడం మర్యాద.

నిన్న జరిగినది జరిగినట్టు రాస్తాను.

మా అన్నయ్య పాపారావుకు రెండు మూత్రపిండాలూ పాడైపోయి పదకొండు నెలలు. వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాలు, ఏలూరులో డయాలిసిస్. ఇంట్లో ఎవరైనా ఒక మూత్రపిండం ఇవ్వాలి. వదిన వరమ్మకు షుగరు ఉంది కనుక ఆమెది పనికిరాదు. కూతురు క్యాథరిన్ ఇస్తానంటే, చంటిపిల్ల తల్లివి, నోరు మూసుకోమన్నాడు అన్నయ్య. నాది సరిపోయింది. నిన్న విజయవాడ ఆసుపత్రిలో అవయవదాన కమిటీ ముందు హాజరయ్యాను. ముగ్గురు డాక్టర్లు, ఒక కెమెరా. దాత తన నోటితో చెప్పిన మాటను రికార్డు చేస్తారు. నాకంటే ముందు వెళ్ళినావిడ అర నిమిషంలో బయటకు వచ్చింది.

“శ్యామ్ సుందర్ గారూ, మీరు ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా? ఎవరైనా ఒత్తిడి చేశారా?” అని పెద్ద డాక్టరమ్మ అడిగారు.

“ఆ విషయం నాకు ఇంకా నిర్ధారణ కాలేదండి,” అన్నాను.

ఆమె కెమెరా ఆపించారు. “మరి ఎవరు నిర్ధారించాలండీ?”

“నేనేనండి. విచారించి చెబుతాను.”

ఫిబ్రవరి పన్నెండుకు వాయిదా వేశారు.

వరండాలో అన్నయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. “ఏవన్నార్రా?” అన్నాడు. చెప్పాను. కొంచెంసేపు తన కాళ్ళ వాపు చూసుకున్నాడు. “సర్లే, ఇడ్లీ తిందాం పద,” అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అడగలేదు. ఎందుకు అడగలేదు?

అడగవలసినవన్నీ వదిన అడిగింది. “అవునండీ అంటే మీ నోరేవన్నా అరిగిపోద్దా మరిదిగారూ? ఒక్క మాటండీ. ఒక్క మాటకి నెల్రోజులా?”

కంటితో చూడని నీటిమట్టానికి నేను ఇంతవరకు సంతకం చేయలేదు. చూడని మనస్సుకు ఎలా చేస్తాను?

జనవరి 10, శుక్రవారం

విచారణ ఎక్కడి నుంచి మొదలు కావాలో తేల్చుకున్నాను. జనవరి ఒకటో తారీఖు నుంచి.

మా ఊరి చర్చి సంఘంలో ఆనాటి ఉదయం ఆరాధన చివర వాగ్దాన కార్డుల పళ్ళెం తిప్పుతారు. ఒక్కొక్కరూ ఒక్కొక్క కార్డు తీసుకోవాలి. పైనున్నదే తీసుకోవాలి, అడుగున వెతికితే దేవుడికి సలహా ఇచ్చినట్టు. అందులో ఉన్న వాక్యం ఆ ఏడాదికి ఆ మనిషికి దేవుడు పంపిన మాట అని మా నమ్మకం. నేను ఏలూరులో కాపురం ఉన్నా ఆ సంఘానికి పద్నాలుగేళ్ళుగా సెక్రటరీని.

నాకు వచ్చినది సహోదరుడి కోసం ఇవ్వడం గురించిన వాక్యం. ఇక్కడ తిరగరాయను.

నా రక్తం సరిపోయిందన్న రిపోర్టు డిసెంబరు ఇరవై ఎనిమిదిన వచ్చింది. ఇస్తానని గాని, ఇవ్వనని గాని నేను అప్పటికి ఎవరికీ చెప్పలేదు. కార్డు చూశాక నన్ను ఎవరూ అడగలేదు. వదిన ఏడ్చింది. పాస్టరు అయ్యగారు ప్రార్థనలో నా పేరు పెట్టి స్తోత్రం చెప్పేశారు. కమిటీ దగ్గర ఎనిమిదో తారీఖుకు తేదీ తీసుకున్నారు.

ఇప్పుడు ఆలోచించాలి. ఆ కార్డు దేవుడే పంపితే అది ఆజ్ఞ. పై నుంచి ఆజ్ఞ వస్తే కాలువ రెగ్యులేటరు దగ్గర నేను నీటి షట్టరు ఎత్తుతాను. ఎత్తినది నా ఇష్టమని ఏనాడూ అనుకోలేదు. మనుషులెవరైనా కావాలని నా వంతుకు ఆ కార్డు వచ్చేలా పెట్టి ఉంటే, అది బలవంతం. ఏ విధంగా చూసినా ‘ఇష్టపూర్వకం’ అన్న మాటకు చోటు లేదు. అయితే ఈ రెండింటిలో ఏది జరిగిందో తెలిస్తే నేను ఏం చెయ్యాలో తెలుస్తుంది. మనుషుల పని అయితే నేను కాదనవచ్చు.

జనవరి 11

వదిన కొర్రమీను పంపింది. అడగకుండా. శుభ్రం చేసి, పసుపు రాసి మరీ.

జనవరి 12, ఆదివారం

ఆరాధన అయ్యాక ఎలీయాజరు అయ్యగారిని పక్కకు పిలిచాను.

“అయ్యగారూ, ఒకటో తారీఖున పళ్ళెం దగ్గర ఎవరెవరు మసిలారండీ?”

“పళ్ళెం మీరే తెచ్చి బల్ల మీద పెట్టారు కదండీ.”

“పెట్టానండి. పెట్టాక నేను అన్నయ్యను ఆటోలోంచి దింపడానికి బయటకు వెళ్ళాను. ఆ పది నిమిషాలు?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “సెక్రటరీ గారూ, నాకు మూడేళ్ళుగా ఓర్పు గురించిన వాక్యమే వస్తోందండి. నేనెవరి మీద కేసు పెట్టాలంటారు?”

చుట్టూ ఉన్నవారు నవ్వారు. ఆయన ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేదన్నది ఎవరూ గమనించలేదు. నేను గమనించాను.

ఇంకొకటి. ఏటా సెక్రటరీగా నేను అందరి తరువాత, చివరి కార్డు తీసుకుంటాను. ఈ ఏడాది అన్నయ్య ఆయాసంగా ఉంది, భుజం ఆనుకోనివ్వమన్నాడు కనుక మూడో బెంచీలో అతని పక్కన కూర్చున్నాను. అక్కడికే పళ్ళెం వచ్చింది. కూర్చోమన్నది అన్నయ్య.

జనవరి 14

పండుగ. కార్డులు అచ్చువేసిన తాడేపల్లిగూడెం ప్రెస్సు మూడు రోజులు మూసి ఉంటుందని ఫోనులో చెప్పారు. ఈ రోజు మంగళవారం. డయాలిసిస్‌కు నేను వెళ్ళలేదు. ఆఫీసు పని ఉంది. పండుగనాడు ఏం పని అని నా భార్య రూబీ అడగలేదు.

జనవరి 15

“నేను ఇవ్వాలా, వద్దా? నీ ఉద్దేశం ఏమిటి?” అని నా భార్యను సూటిగా అడిగాను.

“మీ ఇష్టం అండి,” అంటూ రూబీ బడి పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకుంటోంది. ఆమె మిషను బడిలో తెలుగు పంతులమ్మ.

ఈ వారంలో ఆ మాట ఆరోసారి. పప్పులో ఉప్పు సరిపోయిందా అంటే పది మాటలు చెప్పే మనిషి. నా శరీరంలోంచి ఒక భాగం తీస్తారంటే రెండు మాటలు. వదిన, ఈమె కలిసి ఆదివారం నూతి దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను వెళ్ళగానే ఆపేశారు.

జనవరి 17, శుక్రవారం

సెలవు పెట్టి గూడెం వెళ్ళాను. ప్రెస్సు తలుపు తీసి ఉంది గాని యజమాని వీరేంద్ర లేడు. పెంటపాడులో తన పొలంలో దాళ్వా, అంటే రెండో పంట, నాట్లు వేయిస్తున్నాడన్నారు. అక్కడికి వెళ్ళాను. పంచె ఎగకట్టి గట్టు మీద నిలబడి, ఆకుమడిలోంచి కట్టలు అందిస్తున్నాడు.

“సార్, ఇంత దూరం వచ్చారేంటండీ? బిల్లు ఇచ్చేశారు కదా.”

“బిల్లు గురించి కాదండి. మా సంఘం కార్డులు ఇక్కడ ఎవరైనా తారుమారు చేశారా అని.”

“ఎవరు చేస్తారండీ? మా కుర్రాళ్ళు దేవుడి కాగితమంటే తొక్కను కూడా తొక్కరు. వాక్యానికి ఒక కట్ట కట్టి, పది కట్టలు మీ చేతికే ఇచ్చాం.”

“కట్టలు కట్టి ఇచ్చారా? కలిపి ఇవ్వలేదా?”

వీరేంద్ర నారు కట్ట కింద పెట్టాడు. “ఏవండీ, కలిపేది మీరు కదా. ఏటా ఇలాగే ఇస్తాం. నిరుడు కూడా మీరే చెప్పారు, ఇంట్లో చాప మీద పోసి రెండు గంటలు కలిపానని. గుర్తులేదాండీ?”

నాట్లు వేసే ఆడవాళ్ళలో ఒకామె నడుం ఎత్తి నన్ను చూసి, మళ్ళీ వంగింది.

గుర్తుంది. డిసెంబరు ముప్పై ఒకటిన విజయవాడలో స్కానింగు అయ్యేసరికి సాయంత్రం నాలుగు. ఇంటికి చేరి, కట్టలకున్న రబ్బరు బ్యాండ్లు తీసి, ఒకదాని మీద ఒకటి పళ్ళెంలో పేర్చి పడుకున్నాను. కలపలేదు.

పళ్ళెం ముందు బెంచీ నుంచి వెనక్కి వెళుతుంది. అందరూ పైనున్నదే తీసుకుంటారు. ఒక కట్ట ఒక బెంచీకి సరిపోతుంది.

తారుమారు చేసినవాడు దొరికాడు. సంఘ సెక్రటరీ, కె. శ్యామ్ సుందర్, బి.ఏ.

జనవరి 19, ఆదివారం

మూడో బెంచీలో ఆనాడు కూర్చున్న వారినందరినీ విడివిడిగా విచారించాను. అందరికీ అదే వాక్యం. వాళ్ళకు ఆ సంగతి రెండో తారీఖుకే తెలుసు.

“మరి సెక్రటరీకి చెప్పాలని ఎవరికీ తోచలేదా?” అని వాళ్ళలో ఒకడైన నిరంజన్‌ను అడిగాను.

“తోచిందండి. మీకు చెబితే పొరపాటని కార్డులన్నీ వెనక్కి తీసుకుని మళ్ళీ పంచుతారని ఊరుకున్నామండి,” అన్నాడు. “నాకేమో మా తమ్ముడితో చెరువు గట్టు తగాదా తొమ్మిదేళ్ళు. ఆ కార్డు చూసి మర్నాడే వెళ్ళి మూరెడు గట్టు వాడికి వదిలేశానండి. ఇప్పుడు మీరు పొరపాటంటే నేనెళ్ళి ఆ మూరెడూ మళ్ళీ అడగాలా?”

“అడగనవసరం లేదు,” అన్నాను.

“అమ్మయ్య,” అన్నాడు.

జనవరి 20

విచారణ పూర్తయింది. దేవుడు పంపలేదు. వదిన పెట్టలేదు. అయ్యగారు, అన్నయ్య, రూబీ, ఎవరూ కాదు. కాదనడానికి ఇప్పుడు నాకు ఏ అడ్డూ లేదు.

కాదని చెప్పడానికి ఫోను తీశాను. ఛార్జింగు తక్కువగా ఉంది. పెట్టేశాను.

జనవరి 21, మంగళవారం

డయాలిసిస్ గదిలో అన్నయ్య పక్కన నాలుగు గంటలు కూర్చున్నాను. గొట్టంలో అతని రక్తం బయటకు వెళ్ళి తిరిగి వస్తోంది. కార్డుల సంగతి చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వాడు. నర్సు వచ్చి కదలవద్దని మందలించింది.

తరువాత అడిగాను. “నాది పెట్టినా పదేళ్ళు, మహా అయితే పదిహేనేళ్ళు అన్నారు. ఆ తరువాత ఎలాగూ పోవలసిందే. నేనూ పోవలసిందే. పదేళ్ళ తేడాకు ఇంత తంటా ఎందుకంటావు?”

అన్నయ్య ఇరవై ఏడేళ్ళుగా కొల్లేటికోట వైపు చేపల చెరువుల్లో పని చేసినవాడు. వాడి లోకం అదే. “తెల్లారగట్ట నీళ్ళలో గాలి తగ్గిపోద్ది. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడేం చేస్తాం? పరిగెత్తుకెళ్ళి ఇంజను పెట్టి నీళ్ళు తిప్పుతాం. చెరువు పట్టుబడి, వలేసి చేపలు పట్టేది, ఇంకో పది రోజుల్లో ఉన్నా సరే. ఎలాగూ వలలో పడేవే కదా అని గట్టు మీద కూర్చుంటావా?”

“అది సరుకు పాడవకుండా చేసే పని. యజమాని కోసం.”

“యజమాని ఊళ్ళో నిద్రపోతుంటాడ్రా. అవి నోళ్ళు తెరుచుకుని చూసేది నన్ను.”

ఇది తర్కం కాదు. ఆ సంగతి చెప్పాను. “కాదులే,” అని ఒప్పుకుని కళ్ళు మూసుకున్నాడు.

జనవరి 27, సోమవారం

అన్నయ్యకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఏలూరు ఆసుపత్రిలో చేర్చారు. కూర్చునే నిద్రపోతున్నాడు.

ఫిబ్రవరి పన్నెండు లోపు ఏదైనా జరిగితే నన్ను ఎవరూ ఏమీ అడగరు.

పై వాక్యం నేనే రాశాను. కొట్టివేయడం లేదు.

జనవరి 31, శుక్రవారం

ఈ పేజీ రాయడానికి మూడుసార్లు కూర్చుని లేచాను.

నిన్న మధ్యాహ్నం అన్నయ్యకు కొంచెం నయంగా ఉంది. వదిన క్యాంటీనుకు వెళ్ళింది. అన్నయ్య జేబులోంచి తన కార్డు తీసి చూపించాడు. మూడో బెంచీ కార్డే.

“నాకూ ఇదే వచ్చింది కదా. తమ్ముడికి నేనేం ఇవ్వాలా అని ఆలోచించా. ఇచ్చేశాలే అనుకుని ఊరుకున్నా,” అన్నాడు.

“ఏమిచ్చావు?”

తల తిప్పుకున్నాడు. నేను వదలలేదు. అనుమానం వస్తే నేను వదలను; అది నా ఉద్యోగం.

మా నాన్న కాలువ షట్టర్లు ఎత్తి దించే లస్కరుగా పని చేస్తూ పోయాడు. ఆ ఉద్యోగం ఇంట్లో ఒకరికి ఇస్తామన్నారు. అప్పటికి అన్నయ్యకు ఇరవై ఏడు, నాకు ఇరవై. ఇద్దరికీ అర్హత ఉంది. అమ్మ ఎటూ చెప్పలేక, ప్రార్థన చేసి చీటీలు వేద్దామంది. అన్నయ్య రెండు చీటీలు రాసి మడిచాడు. అమ్మ ఒకటి తీసింది. నా పేరు. రెండోది అన్నయ్య నలిపి కాలువలో వేశాడు. నేను లస్కరునయ్యాను. జీతం ఉంది కనుక రాత్రి కళాశాలలో చేరాను. పట్టభద్రుడినయ్యాను. వర్క్ ఇన్‌స్పెక్టరునయ్యాను. అన్నయ్య చెరువుల్లోకి దిగాడు.

“రెండింట్లోనూ నీ పేరేరా,” అన్నాడు అన్నయ్య.

ప్రతి సంవత్సరం, ఉద్యోగంలో చేరిన తారీఖున, నేను సంఘంలో లేచి సాక్ష్యం చెబుతాను. ఇద్దరిలో దేవుడు నన్ను ఏరుకున్నాడని. ఇరవై ఏడు సార్లు చెప్పాను. అన్నయ్య నా ముందే కూర్చుని ప్రతిసారీ ఆమెన్ అన్నాడు.

కార్డుల పళ్ళేన్ని అనుమానించాను. కొర్రమీనును అనుమానించాను. ఆ చీటీలను ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా అనుమానించలేదు. నాకు అనుకూలంగా వచ్చింది కనుక.

ఫిబ్రవరి 1

ఇది కూడా పథకమేమో. పన్నెండో తారీఖు దగ్గర పడుతోంది. నన్ను ఒప్పించడానికి ఇప్పుడు కల్పించిన కథ కావచ్చు. రెండో చీటీ కాలువలో పోయింది. సాక్షి ఎవరు?

ఫిబ్రవరి 2, ఆదివారం

సాక్షి వదిన.

ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని మందుల చీటీలు సర్దుతోంది. అడగగానే చేతిలోవి కింద పెట్టేసింది.

“చెప్పేశారా? చెప్పనని నా దగ్గర ఒట్టేయించుకుని ఆయనే చెప్పేశారా?”

“నిజమేనా వదినా?”

“మా నాన్న ఉద్యోగం వస్తుందనే ఒప్పుకున్నాడండీ ఈ సంబంధం. చీటీలో మీకొచ్చిందనేసరికి ముహూర్తం ఆపేశాడు. నేనే మొండికేసి చేసుకున్నా. దేవుడు వేసిన చీటీకి ఈయనేం చేస్తాడులే అని. పెళ్ళయిన మూడో ఏట చెప్పారు, రెండూ నేనే రాశానని. ఎనిమిది రోజులు మాట్లాడలేదు నేను. అన్నం కూడా పెట్టలేదు. మా అక్క ఇంట్లో తిన్నారు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“మీకా?” అని నా వైపు ఎగాదిగా చూసింది. “చెబితే మర్నాడే రాజీనామా కాగితం పట్టుకుని ఆఫీసుకెళ్ళే మనిషి మీరు. ఉద్యోగం వాళ్ళు వేరేవాళ్ళకిచ్చేద్దురు. ఇద్దరూ చెరువులోకే దిగుదురు. అంత బిగువు మనిషితో ఎవరు చెబుతారండీ?”

అది నిందో, పొగడ్తో నాకు అర్థం కాలేదు. నేను అలాగే చేసి ఉండేవాడిననడంలో సందేహం లేదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

డయాలిసిస్ గదిలో అన్నయ్యను అడిగాను. “ఎందుకు చేశావు?”

“నాకా ఉద్యోగం పడదనుకున్నా. రోజూ అంకెలు రాయడం నావల్ల ఏమవుద్ది?”

“అబద్ధం. నీ చేతిరాత నాకంటే బాగుంటుంది.”

“అబద్ధమే,” అన్నాడు. “నిజం చెప్పనా? నాకు తెలీదురా. మొదటి చీటీ నీ పేరు రాశా. రెండో చీటీ మీద నా పేరు రాద్దామనే పెన్ను పెట్టా. మళ్ళీ నీదే రాశా. ఎందుకూ అని అప్పుడే అడుక్కోలేదు. ఇన్నేళ్ళయ్యాక నువ్వడిగితే ఏం చెప్పను?”

“బాధపడలేదా?”

“పడ్డాను. చలికాలం పొద్దున్నే మొలలోతు నీళ్ళలో దిగినప్పుడల్లా పడ్డాను. నువ్వు సాక్ష్యం చెప్పినప్పుడు ఇంకా పడ్డాను. అయితే ఏంటి? రాసేశాను కదా.”

“ఆఫీసు వాళ్ళు నీ చేత కాగితం కూడా రాయించుకున్నారు కదా. తమ్ముడికి ఉద్యోగం ఇవ్వడానికి అభ్యంతరం లేదని.”

“రాయించుకున్నారు. ఇష్టపూర్వకంగా అని కూడా రాయమన్నారు. రాశా. విచారణ చెయ్యాలని నాకు తెలీదు మరి.”

నర్సు నవ్వాపుకుంటూ సూది చూసి వెళ్ళింది.

కొంతసేపటికి అన్నయ్య మళ్ళీ అన్నాడు. “ఒరేయ్, అది మనసులో పెట్టుకుని ఇవ్వొద్దు. నేను తిరిగి అడగడానికి ఇవ్వలేదు. ఇవ్వాలని లేకపోతే ఆ డాక్టరమ్మతో లేదని చెప్పెయ్. నేనేం అనుకోను.”

అనుకోడు. అదే కష్టం.

ఫిబ్రవరి 6

కార్డు పోయింది, చీటీ వచ్చింది. ఇప్పుడు ఇస్తే బదులుగా ఇచ్చినట్టవుతుంది. ఇవ్వకపోతే, ఇవ్వకుండా ఉండడానికి ఏర్పాటు చేసుకున్న కారణాలన్నీ నావే. జనవరిలో కంటే పరిస్థితి చెడింది.

ఫిబ్రవరి 7

రెగ్యులేటరు దగ్గర నీటిమట్టం నిన్నటికంటే రెండు సెంటీమీటర్లు తక్కువ. ఎందుకు తగ్గిందో నివేదికలో రాయవలసిన గడిలో ఏమీ రాయలేదు. మొదటిసారి.

ఫిబ్రవరి 9, ఆదివారం

నేటి సాయంత్రం రూబీ కాగితాలు దిద్దడం ఆపి, తనంతట తానే నా ఎదుట కూర్చుంది.

“బుధవారం ఏం చెబుతారు?”

“తెలియదు. నీకు ‘మీ ఇష్టం’ అన్న మాట ఎవరు నేర్పారు? వదినా?”

“వదినగారు నన్నొప్పించమన్నారండి. నూతి దగ్గర గంటసేపు బతిమాలారు. ఒప్పించనన్నాను.” “నాకు ఇష్టం లేదండి. మొదటి రోజు నుంచీ లేదు. మిమ్మల్ని కొయ్యడం నాకిష్టం లేదు. బావగారంటే నాకు ప్రేమ లేక కాదు. నాకు మీరు ఒక్కరే ఉన్నారు. నేను వద్దంటే మీరు ఆగిపోతారు, ఆ తరువాత బావగారికి ఏదైనా అయితే జీవితమంతా నన్ను చూసినప్పుడల్లా అదే చూస్తారు. అందుకే ‘మీ ఇష్టం’ అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఎంత కష్టమైందో మీకేం తెలుసు?”

ఆ మాట ఆరుసార్లు అన్నదని లెక్కపెట్టి పెట్టుకున్నాను. ఎందుకందో ఒక్కసారీ ఆలోచించలేదు.

“మరి ఇప్పుడు వద్దంటున్నావా?”

“ఇప్పుడూ అనను.” కళ్ళు తుడుచుకుంది. “ఒకటి అడుగుతాను. మీరు కారణం చూసుకోకుండా ఎప్పుడైనా ఏదైనా చేశారా?”

చాలాసేపు వెతికాను. “లేదు,” అన్నాను.

“నేను చేశాను. మిమ్మల్ని చేసుకున్నాను. మా ఇంట్లో ఏడుగురు వద్దన్నారు,” అని మళ్ళీ కాగితాలు ముందుకు లాక్కుంది.

ఫిబ్రవరి 12, బుధవారం

అదే గది. అదే డాక్టరమ్మ. అదే కెమెరా.

“శ్యామ్ సుందర్ గారూ, నిర్ధారణ అయ్యిందాండీ?” ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగారు.

“కాలేదండి.”

పక్కనున్నాయన పెన్ను కింద పెట్టేశాడు.

“కాలేదు, కాని ఇస్తానండి,” అన్నాను. “ఒత్తిడి ఉందా అని అడిగారు. ఉందండి. మా అన్నయ్య పడుకోలేక కూర్చుని నిద్రపోతున్నాడు. అది ఒత్తిడే. నాకు వాడు ఒక మేలు చేశాడు, అదీ ఒత్తిడే. మా ఆవిడకు ఇష్టం లేదు, అది అటువైపు ఒత్తిడి. ఇవన్నీ తీసేశాక మిగిలే నా ఇష్టం ఏమిటో నెలరోజులు వెతికానండి. అన్నీ తీసేస్తే నేనే మిగలడం లేదు. మీరు ఇప్పుడు వద్దు పొమ్మన్నా నేను లేచి వెళ్ళను. అంతవరకు మాత్రం తెలుసు. మీ ఫారంలో దానిని ఏమంటారో నాకు తెలియదు.”

ఆమె ఫారం నా వైపు తిప్పి చూపించారు. “మా ఫారంలో అవును, కాదు, రెండే ఉన్నాయండి.”

“అవునండి,” అన్నాను.

బయట అన్నయ్య చక్రాల కుర్చీలో ఉన్నాడు. “మళ్ళీ వాయిదానా?” అన్నాడు.

“కాదు,” అన్నాను. వాడు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నేను కాగితాలు చదువుతున్నట్టు నిలబడ్డాను. అవి తలకిందులుగా ఉన్నాయని వదిన చెప్పింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఆసుపత్రి మంచం. రేపు ఉదయం ఏడు గంటలకు నన్ను, తొమ్మిదికి అన్నయ్యను తీసుకువెళతారు. దాతల్లో వేలమందికి ఒకరు తిరిగి రారని చెప్పి సంతకం తీసుకున్నారు. ఈసారి వెంటనే చేశాను. ఆ ఒకరిని ఎలా ఎంచుతారని అడగలేదు.

భయంగా ఉంది. ఇష్టమూ ఉంది. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చునని ఇంతవరకు నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా విచారణ చేసి ఉండేవాడిని.

ఈ పుస్తకం ఎవరూ చదవరని మొదట రాశాను. ఆ ఉత్తర్వు రద్దు.

దీనిని ముందుగా రూబీ చదవాలి. భాషలో తప్పులు ఎర్ర సిరాతో దిద్దవచ్చును, మాటలు మార్చరాదు. ఆమె తరువాత మా అన్నయ్య పాపారావు చదవాలి, ఆపరేషన్ అయి కనీసం నెల దాటాక, కూర్చోకుండా పడుకుని నిద్రపోగలుగుతున్నాడని తెలిశాక మాత్రమే. క్యాథరిన్ చదివి వినిపిస్తానంటుంది, ఒప్పుకోవద్దు. వాడు ఒక్కడే, తన కళ్ళజోడుతో, ఎన్నాళ్ళు పట్టినా తానే చదువుకోవాలి. ఏ పేజీ దాటవేయరాదు. చదివాక కోపం వస్తే వచ్చి నన్ను తిట్టాలి. నేను లేకపోతే ఎవరినీ ఏమీ అడగవద్దు. క్షమించాలో వద్దో వాడి ఇష్టం.